చెప్పులు విడిచి కొండ దింపేవాడు

ఆయన పోయిన కబురు చెప్పడానికి మా బావ రాజాం నుంచి ఫోన్ చేసి, చెప్పడం మానేసి ఏడ్చాడు. తన కన్నతండ్రి పోయినప్పుడు కూడా మా బావ అంత ఏడవలేదు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. "పోనాడు బావా... పోనాడు..." అంటున్నాడు తప్ప ఎవరో చెప్పడం లేదు. ఎవరో నాకు చెప్పక్కర్లేదు కూడా. మా బావ అలా ఏడవదగ్గ మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ నేను కాదు.

మా బావంటే మా ఆవిడ అన్నయ్య. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. నేను డ్రైవర్ని. ఇప్పుడు లోకో పైలట్లంటున్నారు గానీ మేం ఒకరినొకరు పిలుచుకున్నది డ్రైవర్లనే. ఆయనా డ్రైవరే. ముగ్గురం రాయగడలో పనిచేశాం. కోరాపుట్ కొండల మీంచి ఖనిజం బళ్ళు దింపుకురావడం మా పని. ఆ లైనుకి అప్పటికింకా కరెంటు తీగలు రాలేదు, తిరిగేవన్నీ డీజిల్ ఇంజన్లే. సెలవు దొరికితే నేను నెల్లిమర్ల, మా బావ రాజాం, ఆయన బొబ్బిలి వచ్చేవాళ్ళం. సొంత చెల్లెలి మొగుడు డ్రైవరై ఎదురుగా కూర్చునుండగా, మా బావ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంకో డ్రైవర్ని పొగిడాడు.

నాకు ఆయనంటే కుళ్ళు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను ఆయన గురించి మంచే చెప్తాను, అదే కదా నా బాధ. చెడ్డ చెప్పడానికి ఏదైనా దొరికితే ఇన్నాళ్ళు కుళ్ళుకునేవాణ్ణి కాదు, హాయిగా తిట్టి ఊరుకునేవాణ్ణి.

మనిషి పొట్టి. ఇంజన్లో సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు. అందుకే కొండ దిగినంతసేపూ నిలబడే ఉండేవాడు. దిగుడు మొదలయ్యే చోట బండిని నెమ్మది చేసి, చెప్పులు విడిచి, రెండూ జతగా ఓ మూలకి పెట్టేవాడు, గుడిలోకి వెళ్ళేవాడిలాగ. గుడికి వెళ్ళే మనిషి కాదు. వాళ్ళది తరాలుగా బాప్టిస్టు సంఘం, ఆదివారం సెలవు దొరికిందంటే చర్చిలో ముందు వరసలో నిలబడి పాడేవాడు. ఇంజను నేల ఇనప రేకు. నూనె జిడ్డు, వేసవిలో పెనంలాగ కాగేది. దాని మీద ఉత్తి పాదాలతో నిలబడి, కిటికీలోంచి బయటికి చూస్తూ బండి దింపేవాడు. ఎదురుగా మీటర్లుండేవి. వాటికేసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, అప్పుడప్పుడు ఓ చూపు పడేసేవాడు.

ఏం అడిగినా ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. "తొందరేటి తమ్ముడూ, కొండెక్కడికి పోతాది." డ్యూటీకీ డ్యూటీకీ మధ్య మేం తిని పడుకునే రన్నింగ్ రూములో అన్నం ఆలస్యమైతే అదే మాట. డ్యూటీ దిగి ఇంటికెళ్ళే బండి తప్పిపోతే అదే మాట. ప్రమోషను లిస్టులో ఆయన పేరు కిందకి పోయి నా పేరు పైకి వచ్చినప్పుడూ అదే మాట. పైకి వచ్చినవాణ్ణి నేను. ఆయన ముఖంలో కాస్తయినా నీడ పడుతుందేమోనని పనిగట్టుకుని వెళ్ళి చెప్పాను. నా భుజం తట్టి, క్యారేజీ విప్పి, ఉల్లిపాయ చీరి సగం నా చేతిలో పెట్టాడు. ఆయనతో కలిసి చోడి అంబలి తాగి వచ్చాను. ఎంత మంటగా ఉందో నాకే తెలుసు.

గూడ్సు బండిలో గార్డు ఉండేది చిట్టచివర, బ్రేకు వ్యానులో. డ్రైవరు ముందు ఏ పొరపాటు చేసినా దాని దెబ్బ చివరికి గార్డు నడుముకే తగుల్తుంది. కొండ దిగేటప్పుడు ఇంజను ఒక్కసారిగా పట్టుకుందంటే వెనక వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వస్తాయి. ఆ గుద్దుడు పెట్టె నుంచి పెట్టెకి పరిగెత్తి పరిగెత్తి గార్డు దగ్గర ఆగుతుంది. నా బండిలో ఓసారి మా బావ నుదురు కిటికీకి కొట్టుకుని బొప్పి కట్టింది. మర్నాడు భోజనానికి మా ఇంటికొచ్చి ఆ బొప్పి మా ఆవిడకి చూపించాడు.

"సూడవే, మీ ఆయన నాకు బొట్టెట్టి మరీ పంపించినాడు."

మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. నేను పప్పు కలుపుకుంటున్నాను.

"అదే ఆయన బండయితేనా," అన్నాడు మా బావ, "టీ గలాసు అలగ బల్ల మీదెట్టీసి పడుకోవచ్చు. బొట్టు కూడా తొణకదు. ఆయన బండిలో నాను గేజి కూడా సూడను, ఎరికేనా?"

గేజి అంటే బ్రేకు గొట్టంలో గాలి ఎంతుందో చూపించే గడియారం లాంటిది. కొండ దిగుతున్నంతసేపూ గార్డు కన్ను దాని మీదే ఉండాలి. ముందు డ్రైవరు చెయ్యి తప్పిందని గేజిలో కనిపిస్తే వెనక గార్డు తన బ్రేకు లాగాలి. అది గార్డు పని. ఆ పని చెయ్యనని మా బావ గొప్పగా చెప్పుకునేవాడు, అదేదో వ్రతం పట్టినట్టు.

"మరి నా బండిలోనో?" అన్నాను.

"నీ బండిలో రెప్ప కొడితే ఒట్టు," అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ.

అసలు ఆయన చేసేదేమిటో కనిపెడదామని నేను చాలా పాట్లు పడ్డాను. ఇంజను లాగడం ఆపడానికీ, దిగుడులో బండిని పట్టి ఉంచే డైనమిక్ బ్రేకు హాండిల్ మీద చెయ్యి వెయ్యడానికీ మధ్య కాసేపు ఆగాలి. మోటార్లలో కరెంటు సద్దుమణగాలి, వ్యాగన్లు మెల్లిగా ఒకదాని మీదికొకటి సర్దుకోవాలి. మేమందరం అంకెలు లెక్కపెట్టుకునేవాళ్ళం. ఆయన పాడేవాడు. చర్చిలో పాడే పాటే, గొంతులో గొంతులోనే, ఒక్క వరస. ఆ వరస ఎక్కడ ముగిస్తే అక్కడ హాండిల్ కదిలేది. బండి బరువును బట్టి ఆ వరస సాగేది, కుదించుకునేది. నాకు పాట రాదు. మా ఊళ్ళో పంట నూర్చేటప్పుడు పాడే పాటొకటి అరకొరగా తెలుసు. అది పట్టుకుని ఓసారి ప్రయత్నించాను. నా అసిస్టెంటు నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కింద స్టేషన్లో మా బావ వచ్చి, "ఏటి బావా, ఇయ్యాల బండికి పూనకం వచ్చినాదేటి?" అన్నాడు.

చెప్పులు విడవడం కూడా ప్రయత్నించాను. సరిగ్గా ఆ రోజే మా ఇన్‌స్పెక్టరు ఇంజనెక్కాడు. ఉత్తి కాళ్ళతో ఇంజన్లో నిలబడతావా, ఏదైనా జరిగితే ఎవడు జవాబుదారీ అని అసిస్టెంటు ముందే నన్ను దులిపేశాడు. తప్పే, కాదనను. ఆ ఇన్‌స్పెక్టరే మళ్ళీ వారం ఆయన ఇంజనెక్కాడు. జతగా పెట్టిన చెప్పుల్ని చూశాడు, దాటుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు. మా బావే.

ట్రైనింగ్ స్కూల్లో పరీక్షలు పెడితే ఫస్టొచ్చింది నేను. డైనమిక్ బ్రేకు మీద ప్రశ్నకి నేను వేసిన బొమ్మని మాస్టారు బోర్డుకి తగిలించారు. ఆయన ఏదో గట్టెక్కాడంతే. అందుకే ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు జరిగిన దానికి నేను బొత్తిగా సిద్ధంగా లేను. మా బావే వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. మా ఆవిడ రొయ్యల ఇగురు చేసింది. వడ్డిస్తూ, కొండ మీంచి అంత బరువు ఎలా ఆపుతారండీ అని ఆయన్ని అడిగింది. ఇది నన్ను ఏనాడో అడిగింది. నేను కాగితం మీద బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి చెప్పాను. ఆ కాగితం మీద ఆవిడ వడియాలు ఆరబెట్టింది.

"సూడమ్మా," అన్నాడాయన, "నూతిలోకి సేద దింపినప్పుడు తాడు అరసేతుల్లోంచి జారిపోతే ఏటవుతాది?"

"కాల్తాది."

"కాల్తాది గదా. సేద దిగే జోరంతా నీ సేతిలో వేడైపోతాది. మా ఇంజనుకి ఆ అరసెయ్యి నెత్తి మీదుంటాది. అంతే."

మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ చెప్పింది తప్పు. అరచెయ్యి కాలేది రాపిడికి. డైనమిక్ బ్రేకులో రాపిడే లేదు. ఊరుకోలేక చెప్పాను. చక్రాల ఇరుసుల దగ్గర మోటార్లుంటాయి. ఎక్కేటప్పుడు ఇంజను వాటికి కరెంటిస్తుంది, అవి చక్రాల్ని తిప్పుతాయి. దిగేటప్పుడు ఇది తిరగబడుతుంది. బండి బరువుకి చక్రాలే మోటార్లని తిప్పుతాయి, అప్పుడు అవే కరెంటు పుట్టిస్తాయి. కరెంటు పుట్టించే మోటారు తేలిగ్గా తిరగదు, మొరాయిస్తుంది. ఆ మొరాయింపే మాకు బ్రేకు. పుట్టిన కరెంటుని ఇంజను నెత్తి మీదున్న ఇనప పట్టీల్లోకి పంపిస్తాం. అవి పొయ్యిలా కాగుతాయి, ఫ్యాను ఆ వేడిని పైకి ఊదేస్తుంది. చక్రాన్ని ఏదీ తాకదు, ఏదీ అరగదు. బండి బాగా నెమ్మదించాక మాత్రం దీనికి పట్టుండదు, గాలి బ్రేకు వెయ్యాల్సిందే.

ఇదంతా చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. మెచ్చుకోలుగా తలూపాడు కూడా.

"అదే కదా అన్నయ్యగారు చెప్పింది," అంది మా ఆవిడ, ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె ఇగురు వేస్తూ.

భోజనం అయ్యాక ఆయన తన పళ్ళెం తానే కడిగి బోర్లించాడు. వద్దు వద్దంటున్నా వినలేదు. ఆ ముక్క మా ఇంట్లో చాలా ఏళ్ళు నడిచింది. నేను తిని లేచిన ప్రతిసారీ మా ఆవిడ నా పళ్ళెం కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసేది.

ఇక ఆ వానరోజు సంగతి. మా బావ ఎక్కడ నలుగురు కూడినా చెప్పే కథ ఇదే. పెళ్ళిళ్ళలో చెప్పాడు, చావుల్లో చెప్పాడు, నెల్లిమర్ల బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పాడు. మా బావ కథలో బండి నిండా ఖనిజం, పట్టాల మీద ధారగా వాన, కొండ మీంచి దిగుడు. డైనమిక్ బ్రేకు ఆయన ఎంత మెత్తగా పట్టాడంటే, వెనక బ్రేకు వ్యానులో మా బావకి బండి దిగుతోందో, సాపు నేల మీద పోతోందో తెలియలేదు. "డైనమిక్ బ్రేకంటే అదీ! అలగ పట్టీవోడు పుట్టలేదు," అని ముగించేవాడు.

ఆ రోజు నేను ఆ ఇంజన్లోనే ఉన్నాను. పైన నా డ్యూటీ అయిపోయి, కిందకి ఊరికే ఎక్కి వస్తున్నాను. ఆయన నడుపుతున్నాడు, పక్కన అసిస్టెంటు, వెనక గోడకానుకుని నేను. చెప్పులు మూలకి చేరాయి. పాట వరస ముగిసింది, హాండిల్ కదిలింది, నెత్తి మీద ఫ్యాను ఈల అందుకుంది. వాన ఎంతలా కొడుతోందంటే ముందు ఏమీ కనిపించడం లేదు.

కొంత దూరం దిగాం. ఆయన కుడిపాదం నేల మీంచి ఎత్తి మళ్ళీ పెట్టాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. అప్పుడు మీటరు కేసి చూశాడు. నేనూ చూశాను. ముల్లు నిలబడే ఉంది. ఏమైందీ మనిషికి అనుకునేలోపల నెత్తి మీద ఈల తెగిపోయింది, ముల్లు సున్నాకి పడింది, కాలిన వాసన కేబిన్లోకి వచ్చింది. మీటరుకి తెలియకముందు ఆయన పాదానికి తెలిసింది. ఇది నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్తున్నాను. ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు, నమ్మకపోవడానికి చాలా సంతోషించేవాణ్ణి కూడా.

"పోనాది తమ్ముడూ," అన్నాడు, బస్సు వెళ్ళిపోయిందన్నట్టు.

డైనమిక్ బ్రేకు పోయిందంటే ఇక మిగిలింది గాలి బ్రేకే. అంత పొడవు బండిలో గాలి బ్రేకు వేసి, వదిలి, మళ్ళీ వేసి ఆడుకోవడానికి వీల్లేదు. వదిలిన ప్రతిసారీ వ్యాగన్లన్నిటికీ మళ్ళీ గాలి నిండడానికి సమయం పడుతుంది. నిండకముందే మళ్ళీ వేశామా, ఉన్నదీ ఖర్చవుతుంది. అలా ఖర్చు చేసుకుంటూ పోతే ఓ మలుపులో గొట్టంలో గాలుండదు, బండికి బ్రేకుండదు. అందుకని కొంచెమే వెయ్యాలి, జోరు పెరగకముందే వెయ్యాలి, వేసింది వదలకుండా ఓర్చుకోవాలి. ఇవన్నీ నేను పరీక్షలో రాశాను. ఆ కేబిన్లో గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు వాటిలో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. తడి పట్టాల మీద మా వెనక ఉన్న బరువు, ఆ బరువుకి చివర టీ తాగుతున్న మా బావ, ఇవే గుర్తొచ్చాయి.

ఆయన గాలి హాండిల్ మీద చెయ్యి వేశాడు. పట్టుకున్నట్టు కూడా లేదు, పసిపిల్లాడి తల మీద చెయ్యి ఉంచినట్టుంది. కొంచెం కదిపాడు. బుస్సుమని గాలి పోయిన చప్పుడు, అంతే. బండి జోరు పెరగలేదు. ఒక సొరంగం వచ్చింది, పోయింది. ఆ పాట మళ్ళీ మొదలెట్టాడు, ఈసారి ఒక్క వరస దగ్గర ఆపలేదు. అసిస్టెంటు బీహారు కుర్రాడు, వాడి దేవుణ్ణి వాడు తలుచుకుంటున్నాడు. కింద స్టేషను సిగ్నలు వానలో పచ్చగా కనిపించేదాకా నేను గోడ వదల్లేదు. స్టేషను పక్కనుండే లూపు లైన్లో బండి ఆగినప్పుడు, ఆగిందని నాకు చెట్లని చూస్తే గాని తెలియలేదు.

చెప్పులు తొడుక్కుంటూ నాకేసి తిరిగాడు.

"మీ బావకి సెప్పకు తమ్ముడూ."

"ఎందుకు?"

"ఆయన గేజి సూడలేదు. సూసుంటే ముల్లు అలగ దిగినాదేటని వాకీటాకీలో అడిగేవోడు. ఇప్పుడు సెప్తే, ఇలాటి రోజునే తాను సూడ్లేదన్న సంగతి ఆయనకి తెలిసిపోతాది. ఎల్లుండి మల్లీ ఇదే కొండెక్కాల. బయమెట్టుకుని ఎక్కినోడు బతకలేడు. నాను మెల్లగా సెప్పి గేజి సూడ్డం అలవాటు సేయిస్తాన్లే."

స్టేషను మాస్టరుకి చెప్పాడు, షెడ్డుకి చెప్పాడు, రాయాల్సిన చోట రాశాడు. ఇంజన్ని మార్చారు. మా బావకి మాత్రం ఏదో మామూలు మరమ్మత్తన్నాడు. మా బావ గొడుగేసుకుని బండి పొడుగునా నడుచుకుంటూ వచ్చి, "ఏటి దింపినావు గురూ! డైనమిక్ బ్రేకంటే ఇదీ!" అని ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆయన నా కేసి చూశాడు. నేను తలూపాను. అంత తొందరగా నేను ఎవరికీ మాటివ్వలేదు.

ఎందుకు ఇచ్చానో దాచుకోను. మా బావకి తెలిసిన కథకే ఆయన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్నాడు. అసలు కథ తెలిస్తే నాకు ఇంట్లో నిలువ నీడుంటుందా? అసిస్టెంటు ఆ ఏడే సొంత రాష్ట్రానికి బదిలీ చేయించుకుని పోయాడు. ఇక ఆ రోజు ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. మా బావ ప్రతి విందులోనూ ఆ కథ చెప్తుంటే నేను తలొంచుకుని తినేవాణ్ణి. ఒకపక్క, లేని బ్రేకుని పొగుడుతున్నాడు పిచ్చి మహరాజు అని లోపల నవ్వు. ఇంకోపక్క, జరిగింది దీనికన్నా ఎంత గొప్పదో నాకు తెలుసు కదా అని మంట. మా బావ ఒకంతు మంటతో సరిపెడుతుంటే, నాకు నేనే రెండో అంతు పెట్టుకునేవాణ్ణి.

అన్న మాట ప్రకారం ఆయన మా బావకి గేజి చూడ్డం అలవాటు చేయించాడు. ఎలా చేయించాడో తెలుసా? దిగుతున్నంతసేపూ వాకీటాకీలో "గేజి ఎంతున్నాది గురూ, నాకిక్కడ సరిగా కనపళ్ళేదు" అని అడుగుతూ ఉండేవాడట. ఆయనకి కళ్ళు మందగించాయని మా బావ బాధపడి, ఆయన కోసం గేజికి అతుక్కుపోయాడు. ఆ రకంగా నా బండిలో భయంతో చేసే పని ఆయన బండిలో ప్రేమతో చేశాడు. ఇంతకంటే ఒక మనిషిని ఏడిపించడానికి ఏం కావాలి?

బొబ్బిలిలో ఆయన ఇంటి ముందు షామియానా వేశారు. మనిషి పోయాక ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పడానికి చర్చివాళ్ళు కూడుకుంటారు, ఆదరణ కూడిక అంటారు. నేనూ మా బావా కలిసి వెళ్ళాం. ప్లాస్టిక్ కుర్చీలు, ముందు బల్ల మీద ఆయన ఫోటో, పక్కన హార్మోనియం. చర్చివాళ్ళు ఎంతమందో, రైల్వేవాళ్ళు అంతమంది. పాటలయ్యాక పాస్టరుగారు, ఆయన్ని ఎరిగినవాళ్ళు రెండు మాటలు చెప్పమన్నారు. మా బావ అందరికన్నా ముందు లేచాడు. ఏం చెప్తాడో నాకు తెలుసు. వాన, ఖనిజం, కొండ.

చెప్పాడు. ఎప్పట్లాగే బాగా చెప్పాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. "డైనమిక్ బ్రేకు అలగ పట్టీవోడు మల్లీ పుట్టడు," అని మైకు పాస్టరుగారికిచ్చి వచ్చి కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో రైల్వే మనిషి, డైనమిక్ బ్రేకు బాగా పనిచేస్తే ఎవడైనా దింపుతాడు, అని పక్కవాడితో మెల్లిగా అన్నాడు.

ఆ మాట నిజమే. నేను నా మనసులో చాలాసార్లు అనుకున్న మాటే. కానీ అది ఇంకొకడి నోట్లోంచి వినేసరికి నాకు చెంప మీద కొట్టినట్టయింది. వీడెవడు? ఆయన్ని తక్కువ చెయ్యడానికి వీడెవడు? ఆయన్ని చూసి కుళ్ళుకోవడానికి ఒక జీవితం పెట్టినవాణ్ణి నేను ఇక్కడుండగా! ఎవరూ పిలవకుండానే లేచాను. మా బావ నా చొక్కా పట్టుకుని లాగాడు, నీకేటైనాదన్నట్టు. మాట ఇచ్చానని గుర్తుంది. మా బావ పరువు నలుగురిలో పోతుందనీ గుర్తుంది. ఐనా వెళ్ళి మైకు తీసుకున్నాను.

"మా బావ చెప్పింది తప్పు," అన్నాను. "ఆ రోజు డైనమిక్ బ్రేకు లేదు. సగం కొండలో కాలిపోయింది. నేను ఇంజన్లో ఉన్నాను."

అంతా చెప్పాను. పాదం ఎత్తడం, వేళ్ళు ముడుచుకోవడం, ముల్లు పడటం, గాలి బ్రేకు మీద ఆ చెయ్యి. వెనకున్న గార్డుకి చెప్పొద్దని ఆయన అన్నదీ, ఎందుకన్నాడో కూడా చెప్పాను. చివరికి, "నాకు పరీక్షల్లో ఫస్టొచ్చింది. ఆ రోజు హాండిల్ నా చేతిలో ఉంటే మా బావ ఈ రోజు ఇక్కడ మాట్లాడేవాడు కాదు," అన్నాను. ఈ మాట బయటికి అంటానని నేను అనుకోలేదు. ఆయన భార్య కుర్చీలోంచి లేచి నా వైపు చేతులు జోడించింది. వెనక వరసలో ఆ రైల్వే మనిషి తల దించుకున్నాడు.

మా బావ మాత్రం నా కేసి చూడలేదు. భోజనాల దగ్గర పక్కన కూర్చోలేదు. బొబ్బిలిలో రాజాం బస్సెక్కే దాకా తీసుకెళ్ళి దిగబెడదామని ఆటో మాట్లాడాను. ఆటోలో మూలకి ఒదిగి కూర్చున్నాడు. గేజి సంగతి నలుగురి ముందూ చెప్పినందుకు నన్ను తిడతాడని చూస్తున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను.

"గేజి సంగతి పోనీ," అన్నాడు చివరికి. "అది నా తప్పే. గానీ ఇన్నేళ్ళూ అది నా కతనుకున్నాను బావా. నా కత అనుకుని ఊరూరా సెప్పినాను. నాను ఎనకాల పెట్టెలో టీ తాగుతా కూకున్నాను. నువ్వు... నువ్వు పక్కనుండి కళ్ళతో సూసినావు."

అప్పుడు తలతిప్పి నా కేసి చూశాడు. ఆ చూపు నాకు కొత్తది కాదు. అద్దంలో రోజూ చూసుకున్నదే. మా బావ నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి ఒకడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు, అది కూడా ఆయన పుణ్యానే.

"మల్లీ సెప్పు," అన్నాడు మా బావ. "మొదట్నుంచీ. ఏదీ ఒగ్గీకు."

మళ్ళీ చెప్పాను. ఆటో ఆగినా దిగకుండా విన్నాడు. వాన చెప్పాను, పాట చెప్పాను, పాదం రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఒక్కటి మాత్రం ఒగ్గీసాను. మైకులోనూ చెప్పలేదు, మా బావకీ చెప్పలేదు.

ఆ రోజు సొరంగం దాటాక బండి కొంచెం నెమ్మదించింది. ముందు పెద్ద మలుపుంది. అక్కడ గాలి బ్రేకు కాస్త వదలొచ్చు, వదిలితే బండి తేలిగ్గా మలుపు తిరుగుతుంది. పట్టి ఉంచితే ఆగిపోవచ్చు. అప్పుడు ఆయన పాట ఆపి, వెనక్కి తిరక్కుండా అన్నాడు:

"తమ్ముడూ, నువ్వయితే ఏటి సేస్తావు? వదుల్తావా, పట్టుంచుతావా?"

"పట్టుంచుతాను," అన్నాను.

"ఊఁ," అన్నాడు. పట్టే ఉంచాడు.

నేను చెప్పకపోయినా ఆయన పట్టే ఉంచేవాడు. నాకు తెలుసు. వదులు అని ఉన్నా పట్టే ఉంచేవాడు, అదీ తెలుసు. అయినా ఆ కొండ మీద, ఆ వానలో, ఆయన అడిగింది నన్ను. ఎంత ఏడ్చినా సరే, దీన్ని మా బావకివ్వను.